అమ్మ గురించి రాసేటప్పుడు ఆమె ఇంట్లో లేని రోజులు కూడా రాయండి

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. అమ్మగారు పోయి 9 నెలలైంది, సంవత్సరీకానికి ఓ చిన్న పుస్తకం వేసి చుట్టాలకి, ఆమెతో పనిచేసినవాళ్ళకి ఇద్దామనుకుంటున్నారు. ఆమె బ్యాంకులో క్లర్కుగా చేరి చీఫ్ మేనేజరుగా రిటైరయ్యారు, 11 ఊళ్ళు ట్రాన్స్‌ఫర్లు తిరిగారు, రిటైరయ్యాక ఒక్కతే దేశాలు చూసొచ్చారు. మీరు రాస్తుంటే అది బయోడేటా లాగా వస్తోంది. మీ చెల్లెలేమో "అమ్మ మనతో ఎప్పుడుంది, ఆ సంగతి రాయవా" అంటోంది. ఆ మాట పుస్తకంలో పెట్టాలా వద్దా అని అడిగారు.

పెట్టండి తమ్ముడూ. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను కడప జిల్లాలో 1998 నుంచి డీటీపీ సెంటర్ నడుపుతున్నా. పెళ్ళి పత్రికలు, దశదినకర్మ కార్డులు, వాటితో పాటు ఇలాంటి స్మృతి సంచికలు. సంచికలైతే 30 దాకా టైప్ చేసుంటా. చాలామంది రాసుకొచ్చిన కాగితాలు నేనే కూర్చుని సరిచేసిచ్చాను. ఇన్నేళ్ళలో గమనించిందేంటంటే నాన్న గురించి రాస్తే ఆయన ఏం చేశాడో రాస్తారు, అమ్మ గురించి రాస్తే ఆమె ఎవరికి ఏం పెట్టిందో రాస్తారు. ఉద్యోగం చేసిన అమ్మయితే ఒక వాక్యం తప్పకుండా వస్తుంది, "ఉద్యోగం చేస్తూనే ఇంటికి ఏ లోటూ రానివ్వలేదు" అని. ఆ వాక్యం కనపడితే నేను దాని కింద గీత గీసి వెనక్కిస్తాను. లోటు రాకుండా ఎలా ఉంటుందండీ? స్కూలు వదిలాక పిల్లాణ్ణి ఎవరు తీసుకొచ్చారు, జ్వరం వచ్చిన రాత్రి పక్కన ఎవరు పడుకున్నారు, ఆమె ఏ ప్రమోషన్ వదులుకుంది, ఏది వదులుకోలేదు, ఇవన్నీ ఆ ఒక్క వాక్యం కింద పూడిపోతాయి. ఆమె బుర్రపెట్టి, గుండె రాయి చేసుకుని తీసుకున్న నిర్ణయాలన్నీ అక్కడే ఉంటాయి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ అయ్యలసోమయాజుల లలిత గారిది. మన తెలుగామె, మన దేశంలో ఇంజినీరింగ్ పట్టా తీసుకున్న మొట్టమొదటి ఆడవాళ్ళలో ఒకరు. ఆమె గురించి ఎక్కడ రాసినా ఆ "మొట్టమొదటి" దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆమె కథలో పట్టుకునేది వేరే ఉంది. 1919లో మద్రాసులో పుట్టింది, 15 ఏళ్ళకి పెళ్ళి, 18 ఏళ్ళకి భర్త పోయాడు, అప్పటికి చేతిలో 4 నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో ఆ వయసులో అలా అయితే జీవితం ఎలా గడిచిపోయేదో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆమె నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు, ఆయన వెనక నిలబడ్డాడు, మళ్ళీ చదువు మొదలుపెట్టింది. డాక్టరీ చదవొచ్చు, అప్పటికే ఆడ డాక్టర్లు ఉన్నారు. కానీ డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా పోవాలి, చంటిపిల్లని వదిలేసి అలా పోవడం కుదరదు, టైముకి పోయి టైముకి ఇంటికొచ్చే పని కావాలి అనుకుంది. అలా ఇంజినీరింగ్ ఎంచుకుంది. అంటే ఆడవాళ్ళెవరూ లేని చదువులోకి ఆమె వెళ్ళింది ఎవరికో ఏదో నిరూపించడానికి కాదు, పిల్లకి రాత్రిళ్ళు తల్లి ఉండాలని. ఇప్పుడు చెప్పండి, ఇది కెరీర్ చాప్టర్లో రాస్తారా, అమ్మ చాప్టర్లో రాస్తారా? విడదీయలేం కదా.

అలాగని పిల్లని ఒళ్ళో పెట్టుకుని చదివిందా అంటే అదీ లేదు. గిండీ హాస్టల్లో ఉండి చదివింది, పిల్ల దగ్గర్లోనే అన్నగారింట్లో పెరిగింది, వారం వారం వెళ్ళి చూసొచ్చేది. కాలేజీ మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల, హాస్టల్లో ఒంటరితనం, తర్వాత ఇంకో ఇద్దరు మలయాళీ అమ్మాయిలు, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్, సివిల్ ఇంజినీరింగ్‌లో చేరాక తోడు దొరికింది. వాళ్ళ సర్టిఫికెట్లలో మగవాళ్ళకని అచ్చేసిన మాట కొట్టేసి ఆడవాళ్ళకి వాడే మాట చేత్తో రాసిచ్చారట. డిగ్రీ అయ్యాక జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ట్రైనింగ్, తర్వాత సిమ్లాలో ఉద్యోగం, కొన్నాళ్ళు నాన్నగారి పరిశోధనల్లో సాయం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది, ఎందుకూ అంటే అక్కడ ఇంకో సోదరుడి కుటుంబం ఉంది, పిల్లకి ఒక ఇల్లు ఉంటుంది. ఆ కలకత్తా టేబుల్ మీదే ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్లు వేసింది, భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో ఆడ ఇంజినీర్ల, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సభ జరిగితే ఎవరి ప్రతినిధిగానూ కాదు, తనంతట తానుగా వెళ్ళింది. 1967లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సభకి మన దేశం తరఫున పని చూసింది. 1977లో రిటైరై, తోబుట్టువుతో కలిసి దక్షిణాది ఊళ్ళు తిరిగి, 1979 అక్టోబరులో 60 ఏళ్ళకే పోయింది.

ఇందులో మీరు చూడాల్సింది సిమ్లా, కలకత్తా, న్యూయార్క్ అనే ఊర్ల వరస కాదు. ప్రతి ఊరి వెనకా "పిల్ల ఎక్కడుంటుంది" అన్న ప్రశ్న ఒకటి ఉంది, దానికి ఆమె చెప్పుకున్న జవాబు ఒకటి ఉంది. అది తెలిశాక ఆమె చేసిన ఉద్యోగాలు, వెళ్ళిన సభలు చదువుతుంటే నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది. తెలియకముందు అవి వట్టి పేర్లు.

మీ చెల్లెలి మాట దగ్గరికి వస్తా. అది నాకు బాగా తెలిసిన మాట, ఎందుకంటే నేనూ అన్నాను, మా అమ్మ బతికుండగానే, ఆమె మొహం మీదే.

మా అమ్మ నర్సు. మా జిల్లాలోనే ఒక ప్రభుత్వాసుపత్రిలో చేసేది, 1979లో కువైట్ పోయింది, నాకు 9 ఏళ్ళు. మా వైపు కువైట్ పోవడం కొత్తేం కాదు, రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు పోయినోళ్ళే, కాకపోతే మగోళ్ళు పోతే డబ్బుకి పోయినాడంటారు, ఆడమనిషి పోతే పిల్లల్ని వదిలేసి పోయిందంటారు. నేను మా అవ్వ దగ్గర పెరిగినా. రెండేళ్ళకోసారి అమ్మ సెలవుకి వచ్చేది, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, సెంటు సీసాలు, తలనొప్పి తైలం, ఊరంతా మా ఇంట్లోనే ఉండేది, నాకు ఆమె పక్కన కూర్చోడానికి చోటుండేది కాదు. మధ్యలో ఏరోగ్రాములు, అంటే విమానంలో వచ్చే మడత ఉత్తరాలు, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే క్యాసెట్టు. క్యాసెట్టులో ఆమె మాట్లాడేది, మేం టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని వినేవాళ్ళం, ఖాళీ అయిన రెండో వైపు మేం మాట్లాడి పంపేవాళ్ళం. నేను ఎక్కువగా ఏం మాట్లాడేదాన్ని కాదు. అవ్వ గిల్లితే "బాగున్నా" అనేదాన్ని.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కువైట్ నుంచి బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కడ ఎడారిలో గుడారాలు, తర్వాత అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. మొత్తం లక్షా 70 వేల మందికి పైగా మనవాళ్ళని అలా తెచ్చారు, 488 విమానాలు తిరిగాయి. అమ్మ సెప్టెంబర్ చివర్లో ఒక చేతిసంచితో ఇల్లు చేరింది. నాకప్పుడు 20. సంతోషించాల్సింది పోయి నెల తిరక్కుండానే ఏదో మాటల్లో "నువ్వు నాకు ఏనాడు అమ్మవి" అనేశాను. ఆమె ఏం అనలేదు, చేస్తున్న పని చేసుకుంటూ పోయింది. రెండేళ్ళకి మళ్ళీ వెళ్ళిపోయింది, ఈసారి ఒమన్, సలాలా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ తుంపర పడుతుందని, కొబ్బరిచెట్లు, అరటితోటలు, గల్ఫ్ అంటే ఎవరూ నమ్మరని, కోనసీమ ఇట్లాగే ఉంటుందా అని రాసింది. కోనసీమ ఆమె ఎప్పుడూ చూళ్ళేదు. రిటైరై వచ్చాక నేనే తీసుకుపోయినా.

ఆమె పోయాక బీరువా సర్దుతుంటే రెండు కాగితాలు దొరికాయి. ఒకటి కువైట్‌లో నష్టపోయినవాళ్ళకి ఐక్యరాజ్యసమితి పరిహారం ఇస్తామంటే పెట్టుకున్న అప్లికేషన్ తాలూకు కార్బన్ కాపీ. అందులో ఆమె గదిలో వదిలేసి వచ్చిన సామాను లిస్టు రాసింది. కుట్టుమెషిన్ ఒకటి, టేప్ రికార్డర్ ఒకటి, క్యాసెట్లు 60, ప్రెషర్ కుక్కర్ ఒకటి, లేడీస్ వాచి ఒకటి, వాడనిది. వాచి ఎవరి కోసమో ఎవరూ చెప్పక్కర్లా. ఆ 60 క్యాసెట్లు మేం రెండో వైపు మాట్లాడి పంపినవి. అన్నీ దాచిపెట్టుకుంది, నా "బాగున్నా"లన్నీ అందులోనే ఉండిపోయినాయి. మేం రెండో వైపు మాట్లాడి తిప్పి పంపాం కాబట్టి ఆమె గొంతు కూడా వాటితోనే పోయింది, ఇప్పుడు నా దగ్గర ఒక్కటీ లేదు.

రెండోది ఆమె మొదటి పాస్‌పోర్టు. అప్పట్లో వివరాలన్నీ చేత్తో రాసేవాళ్ళు, ఫోటో అతికించి. పాత పాస్‌పోర్టుల్లో పిల్లల వివరాలకి ఒక పేజీ ఉండేది, తల్లీతండ్రీ పాస్‌పోర్టులోనే పిల్లల పేరు ఎక్కిస్తే వాళ్ళతో పాటు వెళ్ళొచ్చు. ఆ పేజీలో నా పేరు ఉంది, పుట్టినతేదీ ఉంది. నేను ఏనాడూ విమానం ఎక్కలేదు, నన్ను తీసుకుపోదామన్న మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు, నా దాకా రాలేదు. కానీ 1979లోనే నా పేరు ఎక్కించుకుని పోయింది. ఎందుకు కుదర్లేదో, అవ్వ వద్దందో, అక్కడ వీసా రాలేదో, జీతం చాలలేదో, ఇప్పుడు అడగడానికి ఆమె లేదు, అవ్వా లేదు.

ఆమె మీద నేను వేసిన పుస్తకంలో నేనన్న మాట రాశాను. ఆ పాస్‌పోర్టు పేజీ ఫోటో దాని ఎదురు పేజీలో వేశాను. కింద ఏ వివరణా రాయలేదు. మా చిన్నాన్న చదివి కోప్పడ్డాడు, పోయినామె పుస్తకంలో ఇదేంటని. అమ్మతో పాటు అక్కడ పనిచేసిన ఒకామె మాత్రం ఫోన్ చేసి అరగంట ఏడ్చింది, "మా పిల్లలూ ఇదే మాటన్నారమ్మా" అని. ఆమె చెప్పిన సంగతులు ఆ అరగంటలో నాకు తెలిసినన్ని ముందు 40 ఏళ్ళలో తెలియలా.

సరే, ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. బ్యాంకు ఉద్యోగం కాబట్టి కాగితాలకి కొదవుండదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లన్నీ తీసి వరసగా నేల మీద పరవండి. ఒక్కో ఆర్డర్ పక్కన ఆ యేడు మీరు ఏ క్లాసు, చెల్లెలు ఏ క్లాసు, అవ్వాతాతలు ఎవరి దగ్గరున్నారు, నాన్నగారు ఎక్కడున్నారు, ఇవి రాసుకోండి. ఇదొక్కటి చేస్తే పుస్తకం సగం అయిపోయినట్టే. ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళు క్లర్కు నుంచి ఆఫీసరు ప్రమోషన్ వస్తే ట్రాన్స్‌ఫర్ భయానికి వద్దని రాసిచ్చేవాళ్ళు. మీ అమ్మగారు ఎప్పుడైనా అలా రాసిచ్చారా, రాసిస్తే ఏ యేడు, తర్వాత మళ్ళీ ఎప్పుడు ఒప్పుకున్నారు అన్నది తప్పకుండా కనుక్కోండి. మీకు టెన్త్ అయ్యేదాకా ఆగి ఉంటే అది ఆమె నోటితో చెప్పి ఉండరు. ఆగకుండా వెళ్ళి ఉంటే దానికీ కారణం ఉంటుంది, ఇంటి అప్పో, ఆడబిడ్డ పెళ్ళో, లేదా ఆమెకి ఆ కుర్చీ కావాలనిపించి ఉండొచ్చు. ఆ మూడోది అయితే దాన్ని దాచొద్దు. పనిమీద ఇష్టంతో ముందుకెళ్ళడం తప్పు కాదు, నాన్న గురించైతే మనం అది గర్వంగా రాస్తాం.

ఆమెతో పనిచేసినవాళ్ళని "మేడమ్ ఎలాంటివారు" అని అడక్కండి. "చాలా మంచివారండీ" తప్ప ఇంకేం రాదు. పని గురించి అడగండి. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ వస్తే తప్ప క్యాష్ బయటికి రాదు, తాళం చేతిలో ఉన్నవాళ్ళు ఇంకొకరికి అప్పజెప్పకుండా ఊరు దాటకూడదు. మీ స్కూల్ ఫంక్షన్‌కి ఆమె రాలేని రోజుల్లో ఎన్నిసార్లు ఆ తాళం ఆమె దగ్గర ఉందో అడగండి. హాఫ్ ఇయర్లీ క్లోజింగ్, అంటే ఆర్నెల్ల లెక్కలు ముగించే రాత్రుళ్ళు ఇంటికి ఎలా వెళ్ళేవారు, ఎవరు దిగబెట్టేవారు. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లు టాలీ కాకపోతే ఏం చేసేవారు. పల్లెటూరి బ్రాంచిలో ఆడ మేనేజరు లోన్ రికవరీకి వెళ్తే జనం ఏమన్నారు. ఇలా అడిగితే వాళ్ళు మాట్లాడటం ఆపరు, మీరు ఫోన్లో రికార్డ్ పెట్టుకోండి, అడిగి పెట్టుకోండి.

ఆమె తిరిగిన దేశాల గురించి. ఊళ్ళ పేర్లు, ఎత్తైన టవర్ల ముందు ఫోటోలు ఒక పేజీ చాలు. నాకు ఆసక్తి ఉన్నది ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎల్‌ఎఫ్‌సీ మీద, అంటే సెలవు ప్రయాణానికి బ్యాంకు ఇచ్చే ఖర్చు మీద వెళ్ళిన ఊళ్ళు. ఆ బిల్లుల్లో ఎవరెవరు వెళ్ళారో పేర్లుంటాయి, మీ నలుగురూ కలిసి ఏ యేడు ఎక్కడికి వెళ్ళారో తేలుతుంది. రిటైరయ్యాక ఒక్కతే వెళ్ళారు కదా, ఎవరినీ అడక్కుండా టికెట్ కొనుక్కున్న మొదటి ప్రయాణం ఏది? ఆ ముందు రోజు సూట్‌కేసులో ఏం పెట్టుకున్నారు, ఆవకాయ ఎన్ని పొరల కవర్లో చుట్టారు, పక్కింటావిడకి తాళాలిస్తూ ఏమన్నారు? పక్కింటావిడని అడగండి, ఆమెకి తెలిసి ఉంటుంది. 35 ఏళ్ళు బ్యాంకు తాళాలు మోసిన మనిషి ఇంటి తాళం ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్ళడం చిన్న విషయం కాదు.

ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త. జిగురు పేజీల మీద పైన ప్లాస్టిక్ షీటు ఉండే పాత ఆల్బమ్‌లు ఉంటాయి చూడండి, వాటిల్లోంచి ఫోటో చేత్తో లాగితే వెనక పొర ఊడిపోతుంది. సన్నటి దారం ఫోటో కిందకి పోనిచ్చి మెల్లగా అటూఇటూ ఆడించండి, అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి. చిన్న ఫోటోలైతే స్కానర్‌లో స్పష్టత సెట్టింగ్ 600 డీపీఐ పెట్టండి, లేకపోతే పెద్దది చేసినప్పుడు మొహాలు అలుక్కుపోతాయి. ఫోటో వెనక రాత ఉంటే అదీ స్కాన్ చేయండి, ఒక్కోసారి ముందు వైపు కంటే అదే విలువైంది. పుస్తకం సెంటర్ పిన్ కొట్టించేటట్లయితే పేజీలు 4 లెక్కన రావాలి, 48 పెట్టుకోండి సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే చుట్టాలు దాచుకుంటారు గానీ చదవరు.

చెల్లెలి మాట మీరు రాయకండి, ఆమెనే రాయమనండి. 48లో 4 పేజీలు ఆమెకి ఇచ్చేయండి, ఆమె పేరుతోనే, మీరు ఒక్క అక్షరం దిద్దకుండా. కోపంగా రాసినా సరే అలాగే వేయండి. కాకపోతే రాసే ముందు ఆ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ల వరస ఒకసారి ఇద్దరూ కలిసి కూర్చుని చూడండి. ఆమె మనసు మార్చుకోవాలని కాదు, మార్చుకోకపోవచ్చు కూడా. ఏ యేడు అమ్మ లేదో ఆమెకి బాగా గుర్తుంటుంది, ఆ యేడు అమ్మ ఎక్కడుందో మాత్రం బహుశా ఇద్దరికీ తెలియదు.

ఇంకొకటి, ఇది ఈ రోజే చేయండి. ఆమె విదేశాలు వెళ్ళొచ్చిన బోర్డింగ్ పాసులు, మ్యూజియం టికెట్లు, హోటల్ బిల్లులు హ్యాండ్‌బ్యాగులో ఉండి ఉంటాయి. అవి చాలావరకు థర్మల్ కాగితం మీద ప్రింటు, కొన్నేళ్ళకి అక్షరాలు తెల్లగా పోతాయి, వేడి తగిలితే ఇంకా త్వరగా. లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. పగటి వెలుతుర్లో ఒక్కోటి ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు పరిచాక మీ ఇద్దరికీ ఏం కనబడిందో నాకు రాయండి, చదువుతాను.